సంతకము ఎవరిది?

ఎదపై పరదేశపు పేరున్న టీషర్టులు తొడిగి మన బిడ్డలు వీధులలో తిరుగుచున్నారని పెద్దలు మందలించుచున్నారు. ఈ మందలింపును మేము అంగీకరింపజాలము. అట్టి పేర్లలో ఒకటి ఎట్లు పుట్టినదో చూతము.

అమెరికాలో కాలిఫోర్నియా తీరమందలి లగూనా బీచ్‌లో షాన్ స్టుస్సీ అను యువకుడు, అలలపై స్వారి చేయువారి కొరకు పలకలు చెక్కుచుండెను. ప్రతి పలకపైనను తన ఇంటిపేరును చేతివ్రాతతో వ్రాసెడివాడు. ఆ వ్రాతకు ఒరవడి చిత్రకారుడైన పితృవ్యుడు జాన్ స్టుస్సీ సంతకము. 1980వ దశకపు ఆరంభమున ఆ వ్రాతనే టీషర్టులపై అచ్చొత్తి అమ్మెను. 1984లో ఒక మిత్రునితో కూడి వ్యాపారము నెలకొల్పెను. క్రమముగా పలకలకంటె వస్త్రములే ప్రధానమైనవి. న్యూయార్కు, లండను, టోకియో యువకులు వానిని ధరించిరి. 1996లో ఆయన తప్పుకొన్నను ఆ సంతకము నేటికిని చెల్లుచున్నది.

ఆ యువకుడు తన ఇంటివారి వ్రాతను దాచుకొనక పనిమీద నిలిపి లోకమునకు చూపెను. మరి మనమో? షోలాపూరులో తరతరములుగా మగ్గము నేసిన తెలుగువారు కలరు. దుప్పటి షోలాపూరుదని లోకమెరుగును. నేసిన చేయి తెలుగుదని ఎందరెరుగుదురు? ఇంట తెలుగు పలుకుచు తెలుగులో సంతకము చేయలేని బిడ్డలను పెంచినది మనమే కాదా? పరుని సంతకము ధరించిరని వారిని నిందించుట సులభము. తమ సంతకము నేర్పని తప్పు మాత్రము మనదే. ముందు ఆ అక్షరములు దిద్దింతము. వానిని ఎదపై ధరించుట, మానుట వారి ఇష్టము.