మా వాడు నటుడవుతానంటున్నాడు

ఈ నెల ఒక తండ్రి వ్రాసిన ఉత్తరమును గూర్చి మీతో మాట్లాడాలని ఉంది. ఆయన రెండున్నర ఎకరముల మెట్ట రైతు. కుమారుడు డిగ్రీ రెండవ సంవత్సరములో ఉన్నాడు. మూడేళ్ళుగా వాళ్ళ సంఘములో క్రిస్మసు నాటికలో హేరోదు వేషము అతనిదే, చప్పట్లూ అతనికే. ఇప్పుడు చదువు మానేసి హైదరాబాదు వెళ్తానంటున్నాడు. నటన నేర్పే ఒక ప్రైవేటు శిక్షణాలయములో చేరాలి, అర ఎకరము అమ్మి ఫీజు కట్టండి అని పట్టుబట్టాడు. తల్లి రెండు రోజులుగా అన్నము ముట్టలేదట. "అయ్యగారూ, నటించడము పాపమని మీరొక్క మాట చెప్పండి. మా మాట వినడు గాని మీ మాట వింటాడు" అని ఆ తండ్రి వ్రాశారు.

ఆ మాట నేను చెప్పలేను. హేరోదు వేషము కట్టించి మూడేళ్ళు చప్పట్లు కొట్టింది సంఘమే గదా!

అయితే సువార్తలలో "వేషధారులు" అని గద్దించిన మాట ఉన్నది కదా అని కొందరు పెద్దలు అంటారు. ఉన్నది. ఆ చోట గ్రీకు మూలములో ఉన్న పదము హుపోక్రితేస్. గ్రీకు నాటకశాలలో వేషము కట్టి మాట్లాడే నటునికి అదే పేరు. మన తెలుగులో కూడ చూడండి, నటులు ఈనాటికీ "వేషము దొరికిందా?" అనే అడుగుకుంటారు. కాని ఆ గద్దింపు తగిలింది ఎవరికి? నాటకశాలలోని వారికి కాదు, వీధి మూలల్లో నిలువబడి జనము చూడాలని ప్రార్థన చేసేవారికి. రంగస్థలము మీద ఉన్నవాడు ఎవరినీ మోసము చేయడు. అతడు హేరోదు కాడని ముందు వరుసలో కూర్చున్న చిన్నపిల్లకు కూడ తెలుసు. వేషము కట్టి, అది వేషము కాదని చెప్పుకునేవాడితోనే చిక్కు. అటువంటివారు సినిమాలలోనే ఉంటారని నేను అనుకోను.

1978లో వచ్చిన కరుణామయుడు సినిమా మీలో చాలామంది చూసి ఉంటారు. పల్లెల్లో తెర కట్టి, ప్రొజెక్టరు పెట్టి చూపించేవారు. సిలువ ఘట్టము వచ్చేసరికి ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకునేవారు. తెర మీద కనబడినది విజయచందర్ అనే నటుడు. ఆయన చేసిన పని నటనే. మనలను అంతగా కదిలించిన పని మన బిడ్డ చేస్తానంటే వెంటనే పాపమని ఎలా అంటాము?

కాబట్టి ఆ తండ్రికి నేను వ్రాసిన జవాబు వేరు. అబ్బాయిని అడగవలసిన ప్రశ్న వంటింటిది. వేషము దొరికేదాక నీవు ఏమి తింటావు?

2025 జూలైలో మరణించిన కోట శ్రీనివాసరావు గారిని తీసుకోండి. కృష్ణా జిల్లా కంకిపాడు ఆయనది. బ్యాంకు ఉద్యోగము చేసుకుంటూ ఏళ్ళ తరబడి నాటకాలు ఆడారు. మొదటి సినిమా 1978లో వచ్చింది. జనము ఆయనను గట్టిగా గుర్తుపెట్టుకున్నది 1985లో ప్రతిఘటన వచ్చిన తరువాత. అప్పటికి ఆయనకు నలభై దాటాయి. ఆ మధ్య ఏడేళ్ళు ఇల్లు గడిచింది జీతము మీదనే. 1980లో శంకరాభరణముతో పేరు వచ్చినప్పుడు జె.వి.సోమయాజులు గారు ప్రభుత్వోద్యోగి, డిప్యూటీ కలెక్టరు. వయస్సు యాభై దాటింది. బ్రహ్మానందము గారు అత్తిలి కళాశాలలో తెలుగు చెప్పిన అధ్యాపకులు. రాజేంద్రప్రసాద్ గారి చేతిలో సెరామిక్ ఇంజనీరింగు డిప్లొమా ఉంది. మద్రాసులో నటనలో శిక్షణ పొందిన తరువాత కూడ, హీరో వేషాలు వచ్చేదాక ఇతర నటులకు గొంతు అరువిచ్చి, డబ్బింగు చెప్పి పొట్ట పోసుకున్నారు.

ఈ పేర్లు చెబితే అబ్బాయికి ఆశ ఇంకా పెరుగుతుందని ఆ తల్లి భయపడవచ్చు. ఆ భయము న్యాయమే. మనకు పేర్లు తెలిసినవారు గెలిచినవారు. గెలవనివారిని చూడాలంటే హైదరాబాదులో కృష్ణానగరుకు తెల్లవారుజామున వెళ్ళాలి. ఒక గదిలో అయిదారుగురు పడుకుంటారు. జూనియర్ ఆర్టిస్టులు షూటింగు బండి కోసము చీకటితోనే రోడ్డు మీదికి వస్తారు. పిలుపు వచ్చిన రోజున కూలి, రాని రోజున టీ. ఆ కూలిలో ఏజెంటు వాటా ఒకటి. వేతనాలు 30 శాతము పెంచాలని 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు సమ్మె కట్టారు. రెండు వారాలకు పైగా షూటింగులు ఆగిపోయాయి. తెర మీద వెలుగు చూసి వెళ్ళే పిల్లవానికి ఈ సంగతి ఎవరు చెబుతారు? మనమే చెప్పాలి. కేకలు వేయకుండా చెప్పాలి.

నటన అంటే ముఖము చూపించడమనుకుంటున్నాడేమో కూడ కనుక్కోండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామములో కీచకవధ ఆడి మొదలైనవి సురభి నాటక సమాజాలు. ఆ కుటుంబాలలో రాత్రి రాజు వేషము కట్టినవాడే పగలు తెరలకు రంగులు వేస్తాడు, గుంజలు పాతుతాడు, దీపాలు చూసుకుంటాడు. ఆడవాళ్ళు, పిల్లలు, అందరూ నటులే, అందరూ కూలీలే. వడ్రంగము వంటి పని అది. చేతులు అరిగితేనే వస్తుంది.

ఇక ఆ అర ఎకరము సంగతి. అమ్మవద్దు. నేర్చుకోవడానికి భూమి అమ్మనవసరము లేదు. విశాఖపట్నములో ఆంధ్ర విశ్వవిద్యాలయములో రంగస్థల కళల శాఖ ఉన్నది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములో సరోజినీనాయుడు పేరున ఉన్న కళాశాలలో నాటకరంగములో ఎం.ఏ.తో సమానమైన చదువు ఉన్నది. ఢిల్లీలో 1959లో స్థాపించిన నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ళ శిక్షణ. సీట్లు బహు కొద్ది, హిందీ రావాలి, కాని చేరినవారికి ఉపకారవేతనము ఇస్తారు. వీటన్నిటికి ముందుగా అడిగేది డిగ్రీ. ఢిల్లీ వారు నాటకాలలో పనిచేసిన అనుభవము కూడ అడుగుతారు. అంటే చదువు మానేస్తానన్నవాడు తాను వెళ్ళదలచిన దారికి తానే అడ్డము కట్టుకుంటున్నాడు. ఈ ఒక్క మాట చెప్పినందుకే ఆ అబ్బాయి కాస్త మెత్తబడ్డాడని తండ్రి తరువాత ఫోనులో అన్నారు.

డిగ్రీ అయ్యేలోగా పరిషత్తు నాటకాలు ఉన్నాయి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడిన నాటినుండి మన కోస్తా ఊళ్ళలో ఈ పోటీల ఆచారము సాగుతూ వచ్చింది. ఏదైనా సమాజములో చేరి, మొదట ప్రాంప్టింగు చెప్పి, బల్లలు మోసి, చిన్న వేషముతో ఆరంభించమనండి. ఒక పూట ఆడే నాటికకు రెండు నెలలు రిహార్సలు చేయగల ఓపిక ఉన్నదో లేదో అక్కడే తేలిపోతుంది. లేదని తేలితే పోయింది బస్సు చార్జీలే.

డబ్బు విషయములో ఇంకొక మాట గట్టిగా చెబుతున్నాను. వేషము ఇచ్చేవాడు నటునికి డబ్బు ఇస్తాడు, నటుని దగ్గర తీసుకోడు. అవకాశము ఇప్పిస్తాము, ముందు ఇంత కట్టండి అని ఫోను చేసేవాడు ఎంత పెద్ద పేరు చెప్పినా వాడు దొంగ. ఫోటోలకు, ఆడిషనుకు, కార్డుకు అని కొద్ది కొద్దిగా లాగుతారు. తల్లి మెడలోవి తాకట్టులో ఉన్న తరువాత గాని ఇంట్లో తెలియదు.

ఆడపిల్లల విషయము అడిగిన తల్లులు కూడ ఉన్నారు. మగపిల్లవానికి సరేనని, ఆడపిల్లకు తలుపు వేయడము నాకు నచ్చదు. అయినా కళ్ళు మూసుకుని పంపమనను. కేరళ ప్రభుత్వము 2017లో నియమించిన జస్టిస్ హేమ కమిటీ మలయాళ సినిమాలో స్త్రీల స్థితిగతులు విచారించింది. ఆ నివేదిక 2024 ఆగస్టులో బయటపడినప్పుడు దేశమంతా చదివింది. అవకాశము పేరుతో స్త్రీలను వేధించడము, ఎదురు చెప్పినవారికి పని లేకుండా చేయడము అందులో ఉన్నాయి. ప్రత్యేక మరుగుదొడ్లు కూడ లేని షూటింగులు ఉన్నాయట. కనుక ఒప్పందము కాగితము మీద ఉండాలి, మొదటి రోజుల్లో తోడుగా ఇంటి మనిషి ఉండాలి. అన్నిటికంటె ముఖ్యము, అక్కడ ఏమి జరిగినా అమ్మకు చెప్పవచ్చునన్న ధైర్యము ఆ పిల్లకు ఉండాలి. "మేము వద్దన్నామా లేదా" అని దెప్పే ఇంటికి ఏ ఆడపిల్లా ఆ సంగతి తీసుకురాదు.

సంఘస్థులతో కూడ ఒక మనవి. ఊరు విడిచి వెళ్ళిన ఇటువంటి పిల్లలు పండుగకు వచ్చినప్పుడు, "ఏ సినిమాలో కనబడ్డావురా?" అని అడగవద్దు. మనకది పలకరింపు, వాళ్ళకు అది కత్తి. నాకు తెలిసిన ఒక యౌవనస్థుడు నాలుగు క్రిస్మసులు ఇంటికి రాలేదు. చార్జీలు లేక కాదు, ఆ ప్రశ్నకు జవాబు లేక. అయిదవ ఏట వాళ్ళ నాన్న తానే వెళ్ళి, గది బాడుగ బాకీ కట్టి, ఏమీ అడగకుండా వెంటబెట్టుకుని వచ్చాడు. ఇప్పుడు ఆ అబ్బాయి ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతున్నాడు, వేసవిలో పరిషత్తులకు వెళ్తున్నాడు. వేషము కాస్త పెద్దదైతే మాకు ముందుగా కబురు చేస్తాడు. మేము ఆటో మాట్లాడుకుని వెళ్తాము.