ఫ్యూజు లెక్కలో మనిషంటే 50 వాట్ల బల్బు

ఈ వారం యాప్‌లు, అప్‌డేట్‌లు పక్కన పెడదాం. ఒక తీగ గురించి మాట్లాడుకుందాం.

మాది నడిగడ్డ. కృష్ణా, తుంగభద్రల మధ్య నేల. రాజోలి అనగానే బయటివాళ్లకు చేనేత చీరలు గుర్తొస్తాయి. అక్కడ సేద్యం చేసే మా చిన్నాయనను కదిలిస్తే మాత్రం అడవి పందుల సంగతే చెప్తాడు. "రాత్రికి రాత్రే చేనంతా తవ్విపోతున్నయ్. సూస్కుంట కూసోవాల్నా?" అంటాడు. ఆ బాధ నిజం. నీతులు చెప్తే తీరేది కాదు.

దానికి చాలా ఊళ్లలో కనిపెట్టిన మందు ఏంటంటే, మోటారు స్టార్టర్ డబ్బా నుంచి వైరు లాగి చేను చుట్టూ కట్టిన తీగకు తగిలించడం. "ఏమన్నా అయితే ఫ్యూజు కొట్టేస్తది లే" అన్న ధీమా ఒకటి.

ఆ ధీమాను ఓసారి లెక్కేద్దాం. తడి కాళ్లతో ఉన్న మనిషి ఒంటి నిరోధం సుమారు 1000 ఓమ్‌లు అనుకోండి. 230 వోల్టులను దాంతో భాగిస్తే 0.23 ఆంపియర్లు. మోటారు ఫ్యూజు పోవాలంటే పదో పదిహేనో ఆంపియర్లు దాటాలి. అంటే ఫ్యూజు లెక్కలో మనిషి ఓ 50 వాట్ల బల్బు. బల్బు వెలిగితే ఫ్యూజు ఎందుకు కొడుతుంది? ఇళ్లలో ప్రాణం కాపాడ్డానికి పెట్టే ఆర్‌సీసీబీ 0.03 ఆంపియర్లకే కరెంటు ఆపేస్తుంది. గుండె లయ తప్పడానికి అంతకంటే పెద్దగా అక్కర్లేదు మరి. పైగా ఏసీ కరెంటుకు చేతి కండరాలు బిగుసుకుపోతాయి. వదిలేద్దామన్నా చెయ్యి రాదు.

మరి సోలార్ కంచెలో వేల వోల్టులుంటాయి కదా, అది చంపదా? అందులో ఎనర్జైజర్ అనే డబ్బా ఉంటుంది. సెకనులో వందో వంతు కూడా ఉండని ఒక్క దెబ్బ కొట్టి, కనీసం సెకను ఆగుతుంది. ఆ సందులో పందైనా మనిషైనా వెనక్కి దూకొచ్చు. స్టార్టర్ నుంచి లాగిన తీగ ఆ సందు ఇవ్వదు.

తీగకు మనిషెవరో పందేదో తెలీదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ కమాండో ఇలాంటి తీగ తగిలే చనిపోయారు. తెల్లారకముందే నీళ్లు పెట్టడానికి పోయే రైతుకూ అదే ప్రమాదం. మోటారుకిచ్చిన కరెంటును కంచెకు వాడితే 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద దొంగతనమే, మూడేళ్ల దాకా జైలు. ప్రాణం పోతే కేసు వేరే.

ఎవరికైనా షాక్ కొడితే ముందు వాళ్లను ముట్టుకోకండి. మెయిన్ ఆపండి, తర్వాత 108కి ఫోన్ చేయండి. శ్వాస లేకపోతే సీపీఆర్ మొదలెట్టండి. ఎక్కడైనా అలాంటి తీగ కనిపిస్తే 1912కి చెప్పండి.

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "తిన్నారా" తర్వాత ఇంకొక్క ప్రశ్న కలపండి: "మన చేను చుట్టుపక్కల ఎవరైనా కరెంటు తీగ పెట్టారా?"