ఆ పేరు తీసెయ్యలేదు

చుట్టం పోతే మైల ఉంటుంది. మూడు రోజులో పది రోజులో, దానికో లెక్క ఉంటుంది. మరి చిన్ననాటి స్నేహితుడు పోతే? ఏ లెక్కా లేదు. పెదకర్మ భోజనాల దగ్గర ‘మీరు వీళ్లకి ఏమవుతారండీ?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. ‘ఫ్రెండునండీ’ అంటాం. అడిగినాయన ‘ఓహో’ అనేసి పక్క విస్తరి వైపు తిరుగుతాడు. మేనమామ పోయాడంటే ఆఫీసులో సెలవిస్తారు గానీ, కలిసి కాలవలో ఈత నేర్చుకున్నవాడు పోయాడంటే ఎవరిస్తారు చెప్పండి?

అలాంటి లోటుతో ముప్పై ఏళ్లు బతికిన పెద్దమనిషి ఒకాయన మన బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పాఠాలు చెప్పారు. ఆయన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు. ఆయన నేస్తం దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు. ఒకరు 1870లో, ఇంకొకరు 1872లో పుట్టారు. ఇద్దరివీ గోదావరి ఊళ్లే. చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి దగ్గర చదువుకునేటప్పుడు జత కలిశారు. మరీ గోళీలాడే వయసు కాదు, మీసాలొచ్చే వయసు. ఆ మీసాల సంగతి మీకూ తెలిసే ఉంటుంది. పండితులకు మీసాలేమిటని నలుగురూ ముక్కున వేలేసుకుంటే, సంస్కృతంలోగానీ తెలుగులోగానీ మమ్మల్ని గెలిచిన కవి ఉంటే రమ్మనండి, తీసేసి మొక్కుతాం అని ఇద్దరూ కలిసి సవాలు విసిరారు. ఒక్కడే అయితే అంత ధీమా ఉండేదా అని నా అనుమానం.

శతావధానమంటే మాటలా! నూరుమంది అడుగుతారు. ఒక్కొక్కరికీ పద్యంలో ఒక్కో పాదం చెప్పుకుంటూ పోవాలి. అలా నాలుగుసార్లు తిరిగాక నూరు పద్యాలూ వరస తప్పకుండా అప్పజెప్పాలి. జంటగా ఇలాంటివి చేస్తూ సంస్థానాలన్నీ తిరిగారు.

మనమేం అవధానులం కాదు. అయినా మన చిన్నతనం కూడా ఇద్దరికి కలిపి కంఠతా వచ్చిన పాఠమే. లెక్కల మాస్టారి బెత్తం ఎంత పొడుగో, జామతోట గోడ దూకిందెవరో, దొరికిపోయిందెవరో మనం ఒకలా చెబుతాం. ‘కాదురా, దొరికింది నువ్వే’ అని దిద్దేవాడు ఒక్కడుంటాడు. వాడు పోయాక మనం చెప్పిందే చరిత్ర. కాదనే నోరుండదు. అదీ అసలు బాధ.

తిరుపతిశాస్త్రిగారు 1920లో పోయారు. నలభై ఎనిమిదేళ్లు. అప్పటికి ఇద్దరి జతకు సుమారు ముప్పై ఏళ్లు. ఆ తర్వాత వెంకటశాస్త్రిగారు మరో ముప్పై ఏళ్లు ఉన్నారు. 1949లో మద్రాసు ప్రభుత్వం ఆస్థానకవిని చేసింది. 1950 శివరాత్రినాడు కన్నుమూశారు. ఆ ఒంటరి ముప్పై ఏళ్లలోనూ తన పుస్తకాలకు ‘తిరుపతి వేంకట కవులు’ అన్న జంట పేరే పెట్టుకున్నారు. దీన్ని త్యాగమని పొగిడేవాళ్లున్నారు. నాకు మాత్రం అలవాటనిపిస్తుంది. పక్క కుర్చీ ఖాళీ అయిందని బల్ల కొట్టేసుకుంటామా?

చిత్రమేమిటంటే ఆయన శిష్యుల్లోనూ ఒక జంట తయారైంది. పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు. ఇద్దరూ మన కృష్ణా జిల్లా వాళ్లే. కలిసి ‘సౌందరనందం’ రాసి గురువుగారికే అంకితమిచ్చారు. ఒకరు విజయవాడ ఆకాశవాణిలో పనిచేశారు. మరొకరు ముట్నూరివారి తర్వాత కృష్ణాపత్రిక నడిపారు. కాటూరివారు 1962లో పోతే, పింగళివారు 1972 దాకా ఉన్నారు. ఆ పదేళ్లూ జనం ‘పింగళి-కాటూరి’ అనే అన్నారు. ఇప్పటికీ అంతే.

మన కళ్లముందు జరిగింది బాపు-రమణల ముచ్చట. మద్రాసు బళ్లో మొదలైన స్నేహం. 2011 ఫిబ్రవరిలో రమణగారు వెళ్లిపోయారు. ఆయన మాటలు రాసిన ‘శ్రీరామరాజ్యం’ ఆ నవంబరులో విడుదలైంది. హాల్లో కూర్చుని ఆ మాటలు వింటుంటే బాపుగారికి ఎలా ఉండి ఉంటుందో! ఆ తర్వాత ఆయన మరో సినిమా తియ్యలేదు. 2014లో ఆయనా వెళ్లిపోయారు.

మీ ఫోన్లోనూ ఇక మోగని నంబరు ఒకటి ఉండే ఉంటుంది. పిల్లలు చూసి ‘ఇదెందుకు నాన్నా, తీసెయ్యి’ అంటారు. వాళ్లకేం తెలుసు?

డెల్టా ఊళ్లలో తిరునాళ్లకు పద్యనాటకం వేస్తే పడకసీనుకు జనం ముందుకు జరుగుతారు. రాయబారంలో కృష్ణుడు రాగం తీస్తుంటే ‘వన్స్ మోర్’ కేకలు. ఏ పద్యం ఎవరిదని ఎవరూ అడగరు. హార్మోనియం సర్దుకునేలోపు మైకు ముందుకొచ్చినాయన గొంతు సవరించుకుని ‘రచన: తిరుపతి వేంకట కవులు’ అంటాడు.