తెలుగు టైటాన్స్ జట్టు పునర్నిర్మాణం

ప్రొ కబడ్డీ లీగ్‌లో తెలుగు ప్రాంతానికి ప్రాతినిధ్యం వహిస్తున్న జట్టు తెలుగు టైటాన్స్. 2014లో ఏర్పడి, 2015లో మూడవ స్థానం పొందిన ఈ జట్టు అనంతర కాలంలో బాగా వెనుకబడింది. 2021-22లో ఆడిన 22 ఆటలలో ఒక్కటి, 2022లో రెండు మాత్రమే గెలిచింది.

ఈ లీగ్‌లో ఆటగాళ్ళు ప్రధానంగా వేలం ద్వారా జట్లు మారుతారు. ప్రతి జట్టు వ్యయానికీ పరిమితి ఉంటుంది. 2023లో ఆ పరిమితి 5 కోట్ల రూపాయలు. అందులో సగానికి మించి, 2.605 కోట్లు, టైటాన్స్ పవన్ సెహ్రావత్ ఒక్కనికే వెచ్చించింది. అతడు కూతలో రాణించినా జట్టు రెండు ఆటలే గెలిచి అట్టడుగున నిలిచింది. ఏడుగురు ఆడే ఆటలో కూతతో పాటు పట్టు కూడా బలంగా ఉండాలని దీనివలన స్పష్టమైనది.

2024లో కృషన్ కుమార్ హుడా శిక్షకుడయ్యాడు. జట్టు 7వ స్థానానికి చేరింది.

2025లో సెహ్రావత్ తమిళ్ తలైవాస్‌కు వెళ్ళాడు. టైటాన్స్ భరత్ హుడాను 81 లక్షలకు, విజయ్ మలిక్‌ను 51.5 లక్షలకు తీసుకొన్నది. ఈ ఇద్దరి మొత్తం వెల 2023లో సెహ్రావత్‌కు చెల్లించిన దానిలో సుమారు సగమే. పట్టులో అంకిత్, అజిత్ పవార్ కొనసాగారు. విజయ్ నాయకత్వంలో జట్టు రెండవ క్వాలిఫయర్ వరకు వెళ్ళి పుణేరి పల్టన్ చేతిలో ఓడిపోయింది. టైటిల్ దక్కకపోయినా, ధనాన్ని పలువురిపై పంచడమే మేలైన మార్గమని ఈ ఫలితం సూచిస్తున్నది.