ప్రార్థనతోపాటు కావలి కూడా: గల్ఫ్‌లో మనవాళ్లు, రేడియేషన్ భయం

"బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని మన పాత కరీంనగర్ జిల్లా బతుకును మూడు మాటల్లో చెబుతుంటారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సంఘాల్లో గల్ఫ్‌లో ఉన్నవారి కోసం ప్రార్థన విన్నపాలు మనకు కొత్త కాదు. అందుకే 2025 జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్‌పై దాడులు మొదలుపెట్టినప్పుడు అది మనకు దూరదేశపు వార్త కాలేదు. జూన్ 22 ఆదివారం అమెరికా ఫోర్డో, నతాంజ్, ఇస్ఫహాన్ అణుకేంద్రాలపై బాంబులు వేసింది. ఆ విషపు గాలి మనవాళ్ల మీదికి వస్తుందా అన్న భయం అప్పుడు సహజమే. జూన్ 24న కాల్పుల విరమణ వచ్చింది. కానీ ఆ ప్రశ్నకు జవాబు ముందుగానే తెలుసుకోవాలి.

ఆ దాడుల తర్వాత కేంద్రాల వెలుపల రేడియేషన్ పెరగలేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్రకటించింది. నతాంజ్ లోపల మాత్రం కాలుష్యం ఉందని చెప్పింది. దీనికి కారణముంది. అప్పటివరకు అక్కడ జరిగింది యురేనియం శుద్ధి. యురేనియం వెదజల్లే ఆల్ఫా కిరణాలను మన చర్మమే ఆపుతుంది. దాని ధూళిని పీల్చినా, మింగినా ప్రమాదమే గాని అది ఎక్కువగా ఆ ఆవరణకే పరిమితమవుతుంది.

విద్యుత్తు తయారుచేసే రియాక్టరు సంగతి వేరు. ఇరాన్‌లోని బుషెహర్ రియాక్టరు గల్ఫ్ సముద్రతీరంలోనే ఉంది. రియాక్టరు ఇంధనంలో అయోడిన్-131, సీజియం-137 వంటివి పుడతాయి. మొదటిది 8 రోజులకు సగమవుతుంది, రెండోది సగం కావడానికి సుమారు 30 ఏళ్లు పడుతుంది. 1986లో చెర్నోబిల్‌లో, 2011లో ఫుకుషిమాలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించింది ఇలాంటి పదార్థాల వల్లనే. పైగా గల్ఫ్ దేశాల తాగునీరు చాలావరకు ఆ సముద్రాన్ని శుద్ధి చేసిందే. 2025 జూన్ దాడుల్లో బుషెహర్ రియాక్టరుపై దాడి జరగలేదు. అయినా మన భయానికి బొత్తిగా ఆధారం లేదని చెప్పలేం.

అటువంటి కీడు వస్తే ఏం చేయాలి? పరుగెత్తి రోడ్డెక్కకూడదు. గట్టి గోడల భవనం లోపలికి వెళ్లి తలుపులు, కిటికీలు మూయాలి. బయటి గాలిని లోపలికి లాగే ఏసీని ఆపాలి. బయటనుండి వచ్చినవారు పైబట్టలు విప్పి సంచిలో కట్టి దూరంగా పెట్టాలి. దానితోనే ఒంటిమీది ధూళి చాలావరకు పోతుంది. తర్వాత సబ్బుతో స్నానం చేయాలి. మూసివున్న సీసా నీళ్లు, ప్యాకెట్ ఆహారం వాడాలి. అయోడిన్ మాత్రలు థైరాయిడ్ గ్రంథిని మాత్రమే కాపాడతాయి. అక్కడి ప్రభుత్వం చెప్పినప్పుడే వేసుకోవాలి. 2011లో చైనాలో జనం ఉప్పు కోసం ఎగబడ్డారు, కానీ అయోడిన్ ఉప్పు తింటే ఈ రక్షణ రాదు.

యుద్ధం లేకున్నా పనిచోట ప్రమాదం ఉంటుంది. పైపులైన్లలో, రిఫైనరీల్లో వెల్డింగు అతుకులను ఇరిడియం-192 వంటి మూలకాలతో పరీక్షిస్తారు. పసుపు రంగుపై మూడు రెక్కల గుర్తు కనబడితే తాడు దాటవద్దు. తెలియని లోహపు ముక్కను జేబులో వేసుకోవద్దు. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం పాత యంత్రాన్ని వేలం వేస్తే, అందులోని కోబాల్ట్-60 మాయాపురి పాత ఇనుప దుకాణాలకు చేరింది. ఒక కార్మికుడు చనిపోయాడు, మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు. వాళ్లెవరికీ అదేమిటో తెలియదు.

మరొక మాట. రేడియేషన్ అంటురోగం కాదు. బట్టలు మార్చుకుని, స్నానం చేసి ఇంటికి వచ్చిన మనిషిని దూరం పెట్టడం అజ్ఞానం, అన్యాయం కూడా.

సంఘాలకు మా మనవి ఇదే. గల్ఫ్‌లో ఉన్న మన సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు, ఉన్న ఊరు, దగ్గరి భారత రాయబార కార్యాలయం నంబరు ఒక పుస్తకంలో రాసిపెట్టండి. ఆ నంబరు వాళ్ల ఫోనులో కూడా ఉందో లేదో అడగండి. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి మాటనూ ముందుకు పంపవద్దు. పరాయి దేశంలో ఒంటరిగా ఉన్న కొడుకుకు ఇంటినుండి వెళ్లే పుకారు క్షిపణికంటే ముందే తగులుతుంది.

యెరూషలేము గోడ కట్టిన నెహెమ్యా ప్రార్థన చేశాడు, కావలివారినీ నిలబెట్టాడు. మనమూ ఆ రెండూ చేద్దాం.