పాడనందుకు పదివేలు

కారు కొనాలని మా యింట్లో మొదట అన్నది నేను కాదు, మా శ్రీమతీ కాదు. మా మామగారి మోకాలు అన్నది. ఆయన వుండేది మహబూబ్‌నగరులో, మేము వుండేది నల్లగొండలో. పాత లెక్కలో ఇవి పక్కపక్క జిల్లాలే. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు మధ్యలో నాగర్‌కర్నూలు వచ్చి కూర్చుంది. బస్సులో బయలుదేరితే దేవరకొండలో ఒకసారి దిగాలి, కల్వకుర్తిలో మరొకసారి దిగాలి. ఆపరేషనైన మోకాలిని చూసి రావడానికి నెలకు రెండుసార్లు ఇలా దిగి ఎక్కుతూ వుంటే, మా మోకాళ్ళను కూడా డాక్టరుకు చూపించే రోజు దగ్గరపడింది.

కొత్త కారు ఖరీదు అడిగి చూశాను. అడిగినంత త్వరగానే బయటికి వచ్చేశాను. అప్పుడు మా కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే మిత్రుడు ఒక ఉపాయం చెప్పాడు. "బ్యాంకువాళ్ళు జప్తు చేసిన బండి చూడవయ్యా. బజారు ధరకు మూడు వంతుల్లో వస్తుంది."

జప్తు అనే మాట నాకు పాతదే. ఉర్దూ నుంచి మన కచేరీల్లోకి, కచేరీల నుంచి మన ఇళ్ళల్లోకి వచ్చిన మాట. వేలం అనేది ఇంకా దూరం నుంచి, పోర్చుగీసువారి ఓడలెక్కి వచ్చిందంటారు. తాకట్టు మాత్రం మనదే. మా వైపు కుదువబెట్టడమంటాము. కుదువబెట్టిన నగ సావుకారి పెట్టెలో వుంటుంది. కారు అప్పు అలా కాదు. వస్తువు మన వాకిట్లోనే వుంటుంది, దానిమీద హక్కు మాత్రం బ్యాంకుది. దీన్ని హైపోథికేషను అంటారు. రిజిస్ట్రేషను కాగితం మీద ఆ మాట అచ్చువేసి మరీ ఇస్తారు. వాయిదాలు తప్పితే బండి వాకిట్లోంచి లేచిపోతుంది.

ఊరి బయట, హైదరాబాదు రోడ్డు పక్కన ఒక ఆవరణ. చుట్టూ ఇనుప కంచె. లోపల నూటికి పైగా బండ్లు దుమ్ము కప్పుకుని నిలబడి వున్నాయి. ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్ళు, కార్లు. ఒక్కొక్క దాని అద్దం మీద ఒక్కొక్క దేవుడు. యాదగిరి నరసింహస్వామి వున్నాడు, ఏసుక్రీస్తు వున్నాడు, దర్గా బొమ్మా వుంది. ఏ దేవుడూ వాయిదా కట్టలేకపోయాడు.

నాకు నచ్చిన బండి నాలుగున్నరేళ్ళది. నంబరు టీఎస్ 05, అంటే మన నల్లగొండదే. ఎనిమిది నెలలుగా అక్కడే వుంది. అమ్మకం షరతు ఒక్కటే. ఎక్కడున్నది అక్కడ, ఎట్లున్నది అట్లు. తరువాత ఇంజను దగ్గినా, టైరు పగిలినా బ్యాంకుకు సంబంధం లేదు.

కొనదలచినవారికి పనికొస్తుంది కనుక నేను నేర్చుకున్నవి నాలుగు ముక్కలు చెపుతాను. మొదటిది, కాగితం ఎవరి పేర వుందో చూడాలి. పాత యజమాని సంతకం పెట్టకపోతే, 1988 మోటారు వాహనాల చట్టం 51వ సెక్షను ప్రకారం రవాణా కార్యాలయంవారు ఆయనకు రిజిస్టరు పోస్టులో నోటీసిచ్చి, బ్యాంకు పేర కొత్త కాగితం ఇవ్వవచ్చు. దానికి 36వ నంబరు ఫారం. ఆ తరువాతనే మన పేరకు మార్పు, 29, 30 ఫారాలు. అప్పు తీరిందని, హక్కు వదులుకున్నామని బ్యాంకు చెప్పేది 35వ ఫారంలో. రెండవది, బండి మీద చలానాలు ఎన్ని వున్నాయో చూసుకోవాలి. పాతాయన వేగంగా పోయినందుకు కొత్తాయన కట్టవలసి వస్తుంది. మూడవది, ఛాసిస్ నంబరు కాగితంలోదీ బండి మీదదీ ఒకటేనా అన్నది స్వయంగా వంగి చూడాలి. నాలుగవది, ఇన్సూరెన్సు పేరు మార్పుకు పధ్నాలుగు రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. ఎలుకలు వైర్లు కొరికాయా లేదా అన్నది ఏ చట్టంలోనూ లేదు. నా బండికి కొరికాయి.

వేలం ముందురోజు ఆ ఆవరణలో పనిచేసే కుర్రవాడొకడు నన్ను పక్కకు పిలిచాడు.

"సార్, రేపు మీరు కాక ఇద్దరే వస్తరు. ఇద్దరూ వ్యాపారస్తులే. పాట పెరిగితే మీకే కష్టం. చెరో అయిదు వేలు ఇయ్యుండ్రి, ఊకుంటరు."

"ఊరుకోవడమంటే?"

"పాట పాడరు సార్."

తెలుగు ఎంత చక్కని భాషో చూడండి. వేలంలో ధర చెప్పడాన్ని మనం పాట అంటాము. పాడనందుకు డబ్బు పుచ్చుకునే గాయకులను అంతకు ముందు నేను ఎరగను. ఆ సాయంత్రం పదివేలు ఇచ్చాను. మరునాడు బ్యాంకువారు పెట్టిన కనీస ధర 2,10,000. నేను 2,15,000 అన్నాను. ఒకాయన ఫోను చూసుకున్నాడు. ఇంకొకాయన ఆకాశం చూశాడు. మూడుసార్లు పిలిచారు. కారు నాదయింది.

బజారులో ఆ బండి మూడు లక్షలకు పైమాటే. బ్యాటరీకి, టైర్లకు, ఎలుకలు తిన్న వైర్లకు 38,000 అయినా, లాభమేనని కాలేజీలో నెల రోజులు చెప్పుకున్నాను. మిత్రుడికి కాఫీ కూడా ఇప్పించాను.

బండి తుడిపించేటప్పుడు వెనక సీటు కింద ఒక ఎక్కాల పుస్తకం దొరికింది. అట్ట మీద మూడవ తరగతి అని వుంది. దానితోపాటు మరొక సంగతి బయటపడింది. రెండవ తాళంచెవి లేదు. కొత్తది చేయించాలంటే వేలల్లో అవుతుందన్నారు. పాత యజమాని ఊరు కాగితంలో వుంది, తిప్పర్తి దాటాక లోపలికి. పుస్తకం ఇచ్చినట్లు వుంటుంది, తాళంచెవి అడిగినట్లు వుంటుందని ఒక ఆదివారం వెళ్ళాను. కారును ఊరి బయటే చెట్టుకింద ఆపి నడిచి వెళ్ళాను. ఎందుకు ఆపానో అప్పుడు నేను ఆలోచించలేదు.

ఆయన బత్తాయి రైతు. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసింది మా జిల్లా అంచుననే అయినా, కాలువ నీరు అందని ఎగువ చేలకు బోరే దిక్కు. తోట కాసిన రోజుల్లో కారు కొన్నాడు. బోరు ఎండితే మరొకటి వేశాడు, అదీ ఎండితే ఇంకొకటి. చెట్లు ఎండిపోయాయి. వాయిదాలు ఆగిపోయాయి.

"బిడ్డను బడి కాడ దింపి వస్తుంటే నడిరోడ్డు మీద ఆపిండ్రు సార్. నలుగురు. తాళం గుంజుకున్నరు."

ఇలా బలంతో బండ్లు గుంజుకోకూడదని, చట్టం చెప్పిన దారిలోనే పోవాలని సుప్రీంకోర్టు 2007లోనే బ్యాంకులకు గట్టిగా చెప్పింది. బాకీదారుకు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తరువాత ఫోను కూడా చేయరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఉత్తరువిచ్చింది. ఇవన్నీ నాకు తెలుసు. ఆయనకు తెలియవు. బ్యాంకులు కోర్టుకు పోకుండానే ఆస్తిని స్వాధీనం చేసుకోవడానికి 2002లో వచ్చిన చట్టం సాగుభూమి జోలికి పోదు, 31వ సెక్షనులో మినహాయింపు వుంది. ఆ రక్ష ఎండిన తోటకు వుంది, వాకిట్లో కారుకు లేదు.

ఎక్కాల పుస్తకం చూడగానే పిల్ల లాక్కుని లోపలికి పరుగెత్తింది. ఆ యిల్లాలు సల్ల తెచ్చి ఇచ్చింది. తాళంచెవి ఒక గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టి వుంది. ఆయన దాన్ని నా చేతిలో పెట్టి, అప్పుడు అడిగాడు.

"ఎంతకు పోయింది సార్, బండి?"

నాకు ముందు అర్థం కాలేదు. చెప్పాను. ఆయన వేళ్ళమీద లెక్కపెట్టుకుని లోపలినుంచి ఒక నోటీసు తెచ్చాడు. బాకీ 2,68,000. అమ్మకం పోగా ఇంకా కట్టవలసింది 71,000. ఎంతకు అమ్మారో అందులో లేదు.

అమ్మగా వచ్చిన డబ్బు ముందు ఖర్చులకు, తరువాత బాకీకి జమ అవుతుంది. మిగిలితే బాకీదారుకు ఇవ్వాలి. తక్కువైతే ఆ తక్కువ ఆయన నెత్తినే వుంటుంది. ఇది నేను చట్టంలో చదివినదే. చదివినప్పుడు అది పేజీలో వుంది. ఇప్పుడు నా ఎదుట నులకమంచం మీద కూర్చుని వుంది. నేను మిగుల్చుకున్నానని కాలేజీలో చెప్పుకున్న ప్రతి రూపాయీ ఈయన కట్టవలసిన రూపాయే.

పదివేల సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు.

తెలుగు ఎం.ఏ. వల్ల ప్రపంచానికి ఏమి ఉపయోగమని మా అబ్బాయి అప్పుడప్పుడూ అడుగుతూ వుంటాడు. ఆ రోజు ఒక ఉపయోగం కలిగింది. అక్కడే కూర్చుని బ్యాంకుకు అర్జీ రాశాను. బండి ఏ తేదీన ఎంతకు అమ్మారు, ఖర్చులు దేనికెంత, వడ్డీ ఏ తేదీ వరకు, జమ ఏ తేదీన, మిగులు ఎంత - ఈ అయిదూ విడివిడిగా తెలుపగోరుతున్నాను అని. విశేషణాలు లేకుండా నేను రాసిన మొదటి వ్యాసం అదే. ఆయన సంతకం చేశాడు. నెల తరువాత జవాబు వచ్చింది. బండి అమ్మిన తరువాత కూడా మొత్తం బాకీ మీద వడ్డీ వేసిన పొరపాటు బయటపడింది. 71,000 కాస్తా 60,000 అయింది. మూడు వాయిదాల్లో కట్టమన్నారు.

ఆ సంతోషంలో ఇంట్లో అంతా చెప్పేశాను, పదివేలతో సహా. మా శ్రీమతి బియ్యం ఏరడం ఆపి అడిగింది.

"ఏమండీ, ఆ పదివేలు ఎవరివి?"

"నావే."

"మీవైతే ఆ ఇద్దరికి ఎందుకిచ్చారు?"

జవాబు చెప్పకుండా మరునాడు బ్యాంకుకు వెళ్ళి, ఆయన అప్పు ఖాతాలో పదివేలు కట్టి వచ్చాను. పేరు చెప్పనక్కరలేదని, దానం గుప్తంగా వుండాలని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి దాచినది దానాన్ని కాదు.

వారం తిరగకుండా ఆయన దగ్గరి నుంచి ఫోను.

"సార్, నా ఖాతాల ఎవరో పదివేలు కట్టిండ్రట. బ్యాంకోళ్ళు పొరపాటున వేసుకున్నరేమో? మల్ల మిత్తితోని వాపసు గుంజుకుంటరా? ఇంకో అర్జీ రాస్తరా సార్?"

గొంతులో భయం. నేను చేసిన మంచి పని ఆయనకు వారం రోజులు నిద్ర లేకుండా చేసింది. ఇక తప్పలేదు. ఆవరణలో కుర్రవాడు అన్నదీ, నేను ఇచ్చిందీ, ఆ ఇద్దరూ పాడనిదీ అంతా చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"మీరు గాకుంటే ఇంకొకరు గట్లనే కొందురు సార్," అన్నాడు చివరికి. మళ్ళీ ఆగి, "వాళ్ళు పాడితే పాట ఎందాక పోతుండె?" అన్నాడు.

రెండు లక్షల నలభైవేల దాకా పోయేదో, అరవైవేల దాకా పోయి ఆయన బాకీ దాదాపు తీరేదో. జరగని పాటకు లెక్క ఎలా చెప్పను? తెలియదని చెప్పాను. పెట్టేస్తున్నా సార్ అని పెట్టేశాడు.

ఈ మధ్యనే మామగారిని కారులో తీసుకొని పిల్లలమర్రి చూపించి వచ్చాము. 2018లో చెదలు పడితే సెలైను ఎక్కించి బతికించిన ఆ మర్రి కింద కూర్చుని, "అల్లుడూ, కారు బాగుంది, చవకగా వచ్చిందటగా," అన్నారాయన. ఎంత చవకో ఇంకా తేలలేదండీ అన్నాను. ఆయన నవ్వారు. మా శ్రీమతి నవ్వలేదు.

జప్తు బండి కొనవద్దని నేను అనను. ఎవరో ఒకరు కొనకపోతే ఆ బాకీ అసలే తీరదు. ఛాసిస్ నంబరు చూసుకోండి, చలానాలు చూసుకోండి. వేలంలో మీ పక్కన నిలబడినవారిని మాత్రం పాడనివ్వండి.