బార్కస్ మైదానము - కోటీశ్వరుల జట్టు

పరుల కొట్టములోని పాడియావును తనదే యనుకొని, ఇంటి దూడకు గడ్డి వేయుట మానిన గృహస్థుని లోకము వివేకి యనదు. ఫుట్‌బాలు విషయమున హైదరాబాదు నగరము కొన్నియేండ్లుగా చేసిన పని యిదియే. 2019లో మన నగరమునకు వచ్చి, 2022లో దేశమున కంతకు మేటియై, 2025 అక్టోబరులో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయిన హైదరాబాదు ఎఫ్.సి. చరిత్రము పాఠకు లెఱుగనిది కాదు. ఆరేండ్లలో జననము, పట్టాభిషేకము, దేశాంతరగమనము మూడును ముగిసినవి. ఆవు పోయినది, దూడ మాత్రము బార్కస్ మైదానములో నిలిచి మనవైపు చూచుచున్నది.

జరిగినదానిని ముందుగా క్రమముగ చెప్పుకొందము. పూణే నగరపు జట్టు ఆర్థికపు చిక్కులలో బడి మూతపడగా, ఇండియన్ సూపర్ లీగులో దాని స్థానమును గ్రహించి కొందఱు వ్యాపారప్రముఖులు హైదరాబాదు పేర జట్టును నిలిపిరి. మొదటి యేట అది అట్టడుగున నిలిచెను. పిమ్మట మనోలో మార్కెజ్ అను స్పెయిను దేశపు శిక్షకుడు వచ్చి దానిని తీర్చిదిద్దెను. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టుతో జరిగిన తుదిపోరు సమముగ ముగియగా, పెనాల్టీలలో గోలురక్షకుడు కట్టిమణి మూడింటిని నిలువరించి కప్పును మన నగరమునకు దెచ్చెను. మఱుసటి యేట జట్టు పట్టికలో రెండవస్థానమున నిలిచెను.

అంతలో యజమానుల చేతిలోని ధనము చాలలేదు. జీతములు బకాయిపడెను. బకాయిల తగవులు ఫిఫా వఱకు పోగా, క్రొత్త ఆటగాండ్రను చేర్చుకొనరాదని ఆ సంస్థ పలుమాఱులు నిషేధించెను. పేరుగన్నవారిలో పెక్కుమంది విడిచిపోయిరి. 2023-24లో ఆడిన 22 ఆటలలో జట్టు గెలిచినది ఒక్కటి మాత్రమే. రెండేండ్లక్రిందట కప్పునెత్తిన జట్టు కడపటిదయ్యెను. 2024లో బి.సి. జిందాల్ సంస్థవారు దానిని గ్రహించిరి. మఱియొక యేడు గడచెను. పిమ్మట జట్టు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యను పేరుతో వెడలిపోయెను. గచ్చిబౌలి మైదానములో పసుపుపచ్చని చొక్కాలు తొడిగి కేకలువేసిన వేలకొలది జనులను సమ్మతి యడిగినవారు లేరు. అడుగవలసిన చట్టమును లేదు.

ఇప్పుడు నగరమునకు పడమటి కొసనున్న గచ్చిబౌలిని విడిచి దక్షిణమున చాంద్రాయణగుట్ట దాటి బార్కస్‌నకు పోవుదము. నిజాము కొలువులోని అరబ్బు సైనికుల బారకాసుల వలన ఆ పేటకు ఆ పేరు కలిగెను. హద్రమౌతు దేశమునుండి వచ్చిన వారి సంతతివారు నేటికిని అచ్చటనే యున్నారు. జామపండ్లకును, హరీసునకును పేరుపడిన ఆ పేటలో ఫుట్‌బాలు పిల్లలకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. అచ్చటి బాలునకు బంతిని పరిచయము చేయుటకు ఏ కోటీశ్వరుడును రానక్కఱలేదు. వానికి కావలసినది చదునైన నేల, కాలికి జోడు, నేర్పు గురువు, పైకెక్కుటకు మెట్టు. మొదటి మూడును ఎట్లో సమకూడినను నాల్గవది నేడు లేదు.

పూర్వమట్లు గాదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వఱకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పును గెలిచెను; 1950లో డ్యూరాండు కప్పును గైకొనెను. ఆ జట్టును తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాలో చదివిన ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో భారతదేశము 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకములను గెలిచెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాల్గవ స్థానమును పొందెను. మన నగరపు గల్లీలలో బంతి తన్నిన బాలురు ఆ జట్లలో ఆడిరి. సికిందరాబాదు బిడ్డడు తులసీదాస్ బలరాం అట్టివారిలో నొకడు. నాటి ఆటగానికి లక్షలు లేవు. కాని నెలజీతమున్నది, ఉద్యోగమున్నది, ఆట ముగిసినపిదప అన్నమున్నది. అది చాలును గనుకనే తండ్రి కొడుకును మైదానమునకు పంపెను.

ఈ క్రొత్త జట్లు ఏల కూలుచున్నవి? లెక్క కఠినమైనది కాదు. ఆటగాండ్ర వేతనములు, ప్రయాణములు, బసలు, శిక్షకులు, లీగునకు చెల్లింపవలసిన రుసుము - ఇవి వ్యయము. టిక్కెట్లు, ప్రకటనలు, ప్రసారమునుండి వచ్చు వాటా - ఇవి ఆదాయము. రెంటికిని నడుమ ఏటేట కోట్లలో లోటు. ఆ లోటును పూడ్చునది యజమాని జేబు. ఆ జేబు నిండియున్నంతకాలము జట్టు జట్టే. యజమానికి వ్యాపారము మందగించినను, మనసు విఱిగినను, ఆనాడే జట్టు కూలును. లీగుకే ఆధారము అస్థిరమైనది. 2010లో సమాఖ్య చేసికొనిన 15 ఏండ్ల ఒప్పందము 2025 డిసెంబరుతో ముగియవచ్చుచుండగా, పునరుద్ధరణ కుదురక ఆ వేసవిలోనే రానున్న పోటీలను ఆపివేసిరి. ఊటలేని చెఱువు ఒక్క వానతో నిండును, ఒక్క యెండతో ఎండును.

ఇది మనకు మాత్రమే పట్టిన గ్రహచారము గాదు. మొదటి జాతీయ లీగును గెలిచిన పంజాబు జె.సి.టి. మిల్లు జట్టును యజమానులు 2011లో మూసిరి. అంతకు ముందటి యేట బొంబాయి మహీంద్రా జట్టు మూతపడెను. స్కాట్లండులో గ్రెట్నా అను చిన్నయూరి జట్టు ఒక్క ధనికుని దాతృత్వమున అగ్రశ్రేణికెక్కి, ఆయన జబ్బుపడి సొమ్ము నిలిచిపోగా 2008లో అంతరించెను. ఇంగ్లండులో 1885లో పుట్టిన బరీ క్లబ్బును 2019లో లీగునుండి వెలివేసిరి. అంతటి ప్రాచీన సంస్థను అంతకు కొలది నెలల ముందు ఒక్క పౌనుకు చేతులు మార్చిరట!

"ధనికులు లేక ఆట నడచునా?" అని కొందఱు ప్రశ్నింతురు. న్యాయమైన ప్రశ్నయే. పోలీసు జట్టు సయితము సర్కారు సొమ్ముతోనే నడచినది. సర్కారు శ్రద్ధ తగ్గగా అదియు క్షీణించినది. కావున మేము ధనమును ద్వేషింపుమని చెప్పుట లేదు. హైదరాబాదు ఎఫ్.సి. యజమానులు సొంతసొమ్ము వెచ్చించి మూడు నాలుగేండ్లు నగరమునకు ఆనందమిచ్చిరనుట సత్యము. కాని నగరము పేరు పెట్టుకొనిన క్షణమున ఆ జట్టు కేవలము అంగడిసరకు కాకుండ పోయినది. పేరు నగరముది, కేకలు జనులవి, యజమాని ధర్మకర్త. ధర్మకర్త లెక్క చెప్పవలెను. విగ్రహమును మూటగట్టుకొని పొరుగూరికి పోవు అధికారము ఏ ధర్మకర్తకును లేదు.

న్యాయస్థానములలో మసలువారము గనుక, సానుభూతివాక్యములతో తృప్తిపడజాలక, చేయవలసిన పనులను స్పష్టముగ చెప్పుచున్నాము. మొదటిది: పోటీలు ఆరంభమగుటకు ముందే ఏడాది జీతములకు సరిపడు బ్యాంకు హామీని ప్రతి యజమానియు సమాఖ్యయొద్ద ఉంచవలెను. జీతమెగవేయబడిన ఆటగాడు ఫిఫా వఱకు పోగలడేమో. బస్సు నడుపువాడు, గడ్డి కత్తిరించువాడు ఎచ్చటికి పోగలరు? రెండవది: నగరము పేరుగల జట్టు లెక్కలను ఏటేట బహిరంగముగ ప్రకటింపవలెను. మూడవది: జట్టును తరలించుటకు సభ్యులైన పౌరుల సమ్మతి యుండవలెను. జర్మనీలో క్లబ్బు వోట్లలో సగమునకు మించి ఒక్క వోటైనను సాధారణముగ సభ్యులచేత నుండవలెనను నియమము కలదు. అచ్చట ధనికులు కఱవై ఆట నశింపలేదు. నాల్గవది: జట్టు వ్యయములో నిర్ణీతభాగము బార్కస్ వంటి పేటల చిన్నక్లబ్బులకు, మైదానములకు చేరవలెను.

ఇవి స్వప్నములని నవ్వువారికి లండనులోని వింబుల్డను కథ చెప్పుదుము. తమ క్లబ్బును వేఱొక పట్టణమునకు తరలించుటకు అనుమతి లభింపగా, ఆ పేటవారు 2002లో తమ చందాలతో క్రొత్తక్లబ్బును స్థాపించి, మైదానములో పిల్లలను పరీక్షించి ఎన్నుకొని, అడుగుతరగతినుండి ఆరంభించి, 2011 నాటికి దేశపు లీగులో ప్రవేశించిరి. వారికున్నది మనకు లేనిది ఏమి? ధనమా? కాదు. ఇది మాది యను పట్టుదల.

హైదరాబాదు పౌరులారా! ఢిల్లీకి పోయినదానికై వగచుట వ్యర్థము. మఱియొక కోటీశ్వరుడు మఱియొక కప్పుతో వచ్చునని ఎదురుచూచుట అంతకంటె వ్యర్థము. వచ్చినచో స్వాగతమే, కాని పత్రముపై సంతకము పెట్టి రావలెను. ఈలోపల ప్రతి పేటయు తన మైదానమును ఆక్రమణలనుండి కాపాడుకొనవలెను. తన క్లబ్బునకు నెలకింతని చందా వ్రాయవలెను. సర్కారు కార్యాలయములలో క్రీడాకారుల కొలువులను తిరిగి అడిగి పుచ్చుకొనవలెను. రహీం సాహెబు మొదలుపెట్టినది కప్పుతో గాదు, బాలురతో. ఆ బాలురు బార్కస్‌లో నేటికిని ఉన్నారు. వారికి మెట్టు కట్టు భారము మనది.